ఇల్లు ఖాళీ అన్న కబురు ఎవరికి చేరాలి, ఎవరికి చేరకూడదు

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. మీది మహారాష్ట్ర, నాందేడ్ జిల్లా బిలోలి తాలూకాలో ఊరు, నువ్వు హైదరాబాద్‌లో ఉద్యోగం, ఇంట్లో అమ్మానాన్న ఇద్దరే. సోయాబీన్ అమ్మిన వారంలోనే మీ గల్లీలో రెండిళ్ళ తాళాలు పగిలాయి. ఊరి పిల్లలు రాత్రి గస్తీ తిరుగుతామంటున్నారు, నువ్వు కెమెరాలు కొందామనుకుంటున్నావు. నాన్నకు మరాఠీ సరిగ్గా రాదు కాబట్టి ఠాణా గడప తొక్కడానికి జంకుతున్నాడు. ఇప్పుడు ఏం చెయ్యాలని అడిగావు.

నేను ధర్మాబాద్ వైపు ఒక ఊళ్ళో చాలాకాలం పోలీస్ పాటిల్‌గా, అంటే ఊరి సంగతులు ఠాణాకు తెలియజేసే పదవిలో, చేశాను. అవతల సరిహద్దు దాటితే తెలంగాణలోని బాసర, ఇవతల మేము. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, సంతలో రెండూ. నాకు తెలిసింది చెప్తాను. కెమెరా, గొళ్ళెం, గస్తీ అన్నీ అవసరమే కానీ వాటన్నిటికంటే ముందుంది కబురు. ఏ ఇల్లు ఎప్పుడు ఖాళీగా ఉంటుంది, ఎవరింట్లోకి డబ్బు వచ్చింది అన్న కబురు దొంగకు ముందు చేరి, పక్కింటికి, పోలీసులకు ఆలస్యంగా చేరుతోంది. దీన్ని తిరగేస్తే సగం పని అయిపోయినట్టే.

దొంగకు కబురు ఎలా పోతుందో చూడు. వాకిట్లో రెండు రోజులు ముగ్గు లేకపోతే గల్లీలో నడిచే ప్రతివాడికీ ఆ ఇల్లు మూసి ఉందని తెలుస్తుంది. దర్వాజాకు బయట వేలాడే పెద్ద తాళమూ అదే చెప్తుంది. పెళ్ళికి నిజామాబాద్ పోయినవాళ్ళు అక్కణ్ణించే వాట్సాప్ స్టేటస్ పెడతారు, పట్టుచీర, మెడలో నగలతో సహా. ఇక మన దగ్గర ఇంకో సంగతి ఉంది. పొలానికి కరెంటు వారంలో కొన్ని రోజులు రాత్రిపూటే ఇస్తారు. ఆ రోజుల్లో మగవాళ్ళు మోటర్ వెయ్యడానికి చేనుకు పోతారు, ఇంట్లో ఆడవాళ్ళు, ముసలివాళ్ళు మిగులుతారు. ఆ టైమ్ టేబుల్ ఊరందరికీ తెలిసిందే, దొంగకూ తెలుసు. ఎండాకాలంలో అందరూ డాబా మీద పడుకుంటారు, కింద దర్వాజా చేరవేసి ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో నేను చూసిన దొంగతనాల్లో ఎక్కువ ఇలాంటివే, తాళం పగలగొట్టే పని కూడా లేనివి.

డబ్బు కబురు సంగతీ అంతే. అడ్తి దుకాణంలో ఎన్ని బస్తాలు తూగాయి, ఏం ధర పలికింది అన్నది అక్కడున్న పదిమందీ వింటారు. హమాలీలనో టెంపో డ్రైవర్‌నో అనుమానించమని నేను చెప్పడం లేదు, వాళ్ళలో చాలామంది మనకంటే నిజాయితీగా బతికేవాళ్ళు. చెప్పేదేమంటే, ఆ రాత్రి ఆ డబ్బు ఇంట్లో ఉండకూడదు. పైసలు ఖాతాలో వెయ్యమని నాన్నతో అడ్తివారికి ముందే చెప్పించు. నగదు తప్పనిసరైతే అదే రోజు బ్యాంకులో కట్టి ఇంటికి రావాలి. బీరువాలో బట్టల కింద దాచడం దాచడమే కాదు, లోపలికి వచ్చినవాడు ముందు చూసేది అక్కడే.

బంగారం విషయంలో అమ్మను ఒప్పించడం కష్టమని తెలుసు. లాకర్‌లో పెడితే పండక్కి వేసుకోలేమంటారు. రోజూ వేసుకునే పుస్తెలు, కమ్మలు ఉంచుకోమను, మిగతావి లాకర్‌కు పంపు. బ్యాంకులో దొంగతనం జరిగినా, అగ్నిప్రమాదం జరిగినా, సిబ్బంది మోసం చేసినా ఏడాది లాకర్ అద్దెకు వంద రెట్ల వరకు బ్యాంకు బాధ్యత వహించాలని రిజర్వ్ బ్యాంక్ నియమం 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. ఇంట్లో పోతే ఆ మాత్రం కూడా ఎవరూ ఇవ్వరు. ఇంకో చిన్న పని ఈసారి ఊరికి వచ్చినప్పుడు చెయ్యి. ప్రతి నగనూ వెనకా ముందూ ఫోటో తీసి, బరువు రాసి పెట్టు. 2023 ఏప్రిల్ నుంచి దుకాణాలు హాల్‌మార్క్ నగలు ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ నంబర్‌తోనే అమ్మాలి, ఆ నంబర్ ఉంటే అదీ రాసుకో. దొంగ దొరికిన రోజు ఆ గొలుసు మీదేనని కోర్టులో చూపించడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి. "రెండు తులాల గొలుసు" అని మాత్రమే రాసిన ఫిర్యాదుతో ఆ పని జరగదు.

ఇక గొళ్ళెం దగ్గరికి వస్తాను. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే జనం ఖరీదైన తాళం కొని దాన్ని బలహీనమైన కొండీకి వేస్తారు. పగిలిన ఇళ్ళలో తాళం చెక్కుచెదరకుండా కింద పడి ఉండటం నేను ఎన్నోసార్లు చూశాను. దొంగ తాళం జోలికి పోడు. ఇనప కడ్డీ కొండీ వెనక దూర్చి ఒక్కసారి లాగుతాడు. పాత టేకు దర్వాజాకు వేసిన చిన్న స్క్రూలు పీచుతో సహా ఊడి వస్తాయి. చప్పుడు కూడా పెద్దగా రాదు. మీ నాన్నను గొళ్ళెం స్క్రూలు చూడమను. వాటిని తీసేసి, చెక్కను ఇటునుంచి అటు దాటే బోల్టులు వేయించి, లోపలివైపు పెద్ద వాషర్, నట్టు బిగించమని వడ్లాయనకు చెప్పు. చౌకట్టుకు ఉన్న కొండీకీ అంతే. లోపలే పడే ఇంటర్‌లాక్ వేయిస్తే ఇంకా మంచిది. బయట తాళం కనబడదు, ఇల్లు మూసి ఉందో లేదో గల్లీలోంచి తెలియదు. పెరటి దర్వాజా మరిచిపోవద్దు. ముందు దర్వాజాకు రెండు తాళాలు వేసి, పెరటి దర్వాజాకు తాడు కట్టే ఇళ్ళు మన ఊళ్ళలో ఎన్ని లేవు!

మీ గల్లీలో దొంగతనం జరిగిన రాత్రి పక్కిళ్ళవాళ్ళు బయటికి రాలేకపోయారా అని కనుక్కో. ముఠాగా వచ్చేవాళ్ళు చుట్టుపక్కల ఇళ్ళకు బయటనుంచి గొళ్ళెం పెట్టి పని మొదలుపెడతారు. లోపలున్నవాడికి చప్పుడు వినబడుతుంది, దర్వాజా తెరుచుకోదు. అందుకని బయటి గొళ్ళేనికి రాత్రిపూట చిన్న తాళం ఖాళీగా వేసి ఉంచాలి, అప్పుడు ఎవరూ దాన్ని ఇంకో కొండీలో పెట్టలేరు. గల్లీకి అవతలివైపు ఇంటివాళ్ళ ఫోన్ నంబర్ పెద్ద అక్షరాలతో మంచం పక్క గోడ మీద రాసిపెట్టాలి. రాత్రి రెండు గంటలకు ముసలాయన ఫోన్‌లో పేరు వెతుక్కోలేడు.

ఊరు విడిచి పోతున్నప్పుడు ఒక్క ఇంటికి మాత్రం చెప్పి పొమ్మను, అది నమ్మకమైన ఇల్లయి ఉండాలి. వాళ్ళు పొద్దున వాకిలి ఊడ్చి ముగ్గు వేస్తారు, సాయంత్రం దీపం పెడతారు. రెండో కబురు పోలీస్ పాటిల్‌కు. ఆయన ద్వారా బీట్ హవల్దార్‌కు పోతుంది, రాత్రి గస్తీ జీపు ఆ గల్లీ వైపు ఒకసారి తిరుగుతుంది. దీనికి అర్జీ కూడా అక్కర్లేదు, ఒక ఫోన్ చాలు.

మీ ఊరి పోలీస్ పాటిల్ ఎవరో నీకు తెలుసా? హైదరాబాద్‌లో ఉండే పిల్లల్లో చాలామందికి తెలియదు. తెలుగు రాష్ట్రాల్లో పటేల్, పట్వారీలను 1980లలో తీసేశారు. మహారాష్ట్రలో 1967 నాటి గ్రామ పోలీసు చట్టం కింద ఈ పదవి ఇంకా ఉంది. వంశపారంపర్యం కాదు, ప్రభుత్వమే నియమిస్తుంది. ఊళ్ళో నేరం జరగబోతోందని తెలిసినా, జరిగినా, అనుమానాస్పదంగా ఎవరైనా చనిపోయినా ఠాణాకు తెలియజెయ్యడం ఆయన పని. పదవి ఖాళీగా ఉంటే పక్క ఊరి పాటిల్‌కు అదనంగా అప్పగిస్తారు, ఆ నంబర్ తీసుకో. పాటిల్ ఏ కులం, ఏ పార్టీ అని చూసి ఆయనతో మాట్లాడటం మానేసిన కుటుంబాలు మన ఊళ్ళలో ఉన్నాయి. దానివల్ల నష్టపోయేది ఆ కుటుంబమే.

పోలీసులు మన ఊరివైపు రానే రారని రాశావు. దీనికి ఒక కారణం మన చేతిలోనే ఉంది. మోటర్ పోతుంది, కేబుల్ వైరు కోసుకుపోతారు, మేక పోతుంది, రెండు బస్తాల కందులు పోతాయి, ఎవరూ ఫిర్యాదు ఇవ్వరు. "ఎట్లాగూ దొరకదు, కోర్టుల చుట్టూ ఎవడు తిరుగుతాడు" అంటారు. అప్పుడు ఠాణా రికార్డులో మీ ఊరు ప్రశాంతమైన ఊరు. ఉన్నదే కొద్దిమంది సిబ్బంది, ఒక జీపు. నేరాలు ఎక్కువగా నమోదైన వైపే గస్తీ వేస్తారు. కేబుల్ వైరు పోయినా రాయించండి. ఐదు వేల రూపాయల లోపు మామూలు దొంగతనమైతే కొత్త చట్టం భారతీయ న్యాయ సంహితలో దాన్ని ఎన్‌సి కింద, అంటే కోర్టు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చెయ్యని చిన్న నేరంగా, రాసుకుంటారు, అయినా సరే రాయించండి. తేదీలతో ఆరేడు రాతలు ఒకే ఊరివి కనబడితే ఇన్‌స్పెక్టర్ దాన్ని పక్కన పెట్టలేడు. మేము మారుతి గుడిలో ఒక రిజిస్టర్ పెట్టించాం, గస్తీకి వచ్చిన కానిస్టేబుల్ టైము వేసి సంతకం పెట్టి పోయేవాడు. మీ సర్పంచ్, పాటిల్ కలిసి అడిగితే మీకూ అవుతుంది.

కెమెరా గురించి అడిగావు కదా. కొను, కానీ ఇంటికొకటి కాకుండా ఊరికి వచ్చే రెండు దారుల మీద పెట్టేలా పంచాయతీతో మాట్లాడు. దొంగ ఇంటి ముందు ముఖానికి గుడ్డ కట్టుకుంటాడు, ఊరి మొగదల బండి మీద వచ్చేటప్పుడు కట్టుకోకపోవచ్చు, బండి నంబర్ కూడా దొరుకుతుంది. స్తంభం చివరన కడితే నెత్తులు తప్ప ముఖాలు రావు, అలాగని చేతికి అందకూడదు, మనిషి ఎత్తుకు కొంచెం పైన ఉండాలి. కరెంటు పోయినప్పుడు పనిచేసేలా బ్యాటరీ గానీ సోలార్ గానీ చూడు. రికార్డు అయ్యే డబ్బాను టీవీ పక్కన పెట్టొద్దు, దొంగ దాన్నీ పట్టుకుపోతాడు. డబ్బులు తక్కువైతే కెమెరాకంటే ముందు చీకటి మూలల్లో వీధిలైట్లు వేయించు, పనిచేసేవి.

గస్తీ. దీని గురించి నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది, అందుకే కాస్త గట్టిగా చెప్తున్నాను. పిల్లలు తిరగడం మంచిదే. ముందు పేర్లు, ఫోన్ నంబర్లు రాసి ఠాణాలో ఇవ్వాలి, గ్రామ సురక్షా దళ్‌గా ఇన్‌స్పెక్టర్‌కు తెలిసి ఉండాలి. టార్చ్, విజిల్, చేతికర్ర, అంతే. తాగినవాణ్ణి ఆ రాత్రికి ఇంటికి పంపెయ్యాలి. ఒకే టైముకు తిరిగితే దొంగ ఆ టైము దాటాక వస్తాడు, కాబట్టి రోజుకో వేళ. కొత్త మనిషి కనబడితే దూరంనుంచి పేరు, ఊరు అడగడం, బండి నంబర్ రాసుకోవడం, ఫోన్ చెయ్యడం. చెయ్యి మాత్రం వెయ్యొద్దు.

ఎందుకంటే మన రాష్ట్రంలోనే జరిగింది. 2018 జూలై 1న ధూళే జిల్లా రాయిన్‌పాడాలో, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళొచ్చారన్న వాట్సాప్ పుకారు నమ్మి ఐదుగుర్ని కొట్టి చంపారు. వాళ్ళు భిక్షాటన చేసుకునే నాథపంథి దవరి గోసావీలు. 2020 ఏప్రిల్ 16 రాత్రి పాల్ఘర్ జిల్లా గడ్చించ్లేలో దొంగలనుకుని ఇద్దరు సాధువులను, వాళ్ళ డ్రైవర్‌ను చంపారు. అక్కడున్నది కూడా మీ ఊరి పిల్లల్లాంటి పిల్లలే, ఊరిని కాపాడుతున్నామనే అనుకుని ఉంటారు. ఎనిమిది ప్రాణాలు పోయాయి, ఎన్నో ఇళ్ళ మగవాళ్ళు జైలు పాలయ్యారు. తప్పుడు కబురు దొంగకంటే ఎక్కువ నష్టం చేస్తుంది. ఊరి వాట్సాప్ గ్రూపులో పోలీస్ పాటిల్ నిర్ధారించని ఏ ఆడియో, ఏ ఫోటో పెట్టొద్దని ముందే చెప్పుకోవాలి.

మన వైపు బుడగ జంగాలు, గంగిరెద్దులవాళ్ళు, రాళ్ళు కొట్టే వడ్డెరలు వస్తూ పోతూ ఉంటారు. చాలామంది మన తెలుగే మాట్లాడతారు. గుడారం కనబడగానే దొంగలంటారు మనవాళ్ళు. సంచార జాతుల్లో ఎన్నిటికో పుట్టుకతోనే నేరస్తులని ముద్రవేసిన బ్రిటిష్ చట్టం 1871లో వచ్చింది, 1952లో దాన్ని ఎత్తేశారు. ఆ ముద్ర జనం నోళ్ళలో మాత్రం ఇంకా పోలేదు. నేను పాటిల్‌గా ఉండగా గుడారాలవాళ్ళు దిగితే వెళ్ళి పేర్లు రాసుకుని, నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో చూపించి వచ్చేవాణ్ణి. ఎవరొచ్చారో ఠాణాకు తెలిసేది, ఊళ్ళో ఏదైనా పోతే వాళ్ళ మీదికి కర్రలతో పోకుండా ఆపడానికి నా దగ్గర ఆధారం ఉండేది. నేను చూసినంతలో మోటర్లు, వైర్ల దొంగతనాల్లో ఊళ్ళోని మనిషో పక్క ఊరి మనిషో లేకుండా జరిగినవి తక్కువ. ఏ చేనులో ఏ మోటర్ ఉందో బయటివాడికి ఎట్లా తెలుస్తుంది?

నిజంగా దొంగతనం చేస్తూ దొరికితే? కళ్ళ ముందు పెద్ద నేరం చేసినవాణ్ణి మామూలు మనిషి కూడా పట్టుకోవచ్చు, కానీ ఆలస్యం చెయ్యకుండా, ఎంత లేటైనా ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ చెప్తోంది. చెట్టుకు కట్టి కొట్టడం, వీడియో తీసి పంచడం ఆ హక్కులో లేవు. పెరటి చుట్టూ కరెంటు తీగ పెడతామనే ఆలోచన ఎవరికైనా వస్తే అక్కడికక్కడే ఆపు. పొద్దున పాలకు పోయే పిల్లో, తప్పిపోయిన బర్రెనో దానికి తగులుతుంది, పెట్టినవాడి మీద ప్రాణం తీసిన కేసు అవుతుంది.

మన సరిహద్దులో అత్యవసర నంబర్ 112కు ఫోన్ చేసేటప్పుడు ఒక జాగ్రత్త. ఫోన్ ఒక్కోసారి తెలంగాణ టవర్ పట్టుకుంటుంది, కాల్ అటువైపు పోయినా పోవచ్చు. నాన్నకు అలవాటు చెయ్యి, ముందు "మహారాష్ట్ర, నాందేడ్ జిల్లా, బిలోలి తాలూకా" అని, తర్వాత ఊరి పేరు, ఆ తర్వాతే జరిగిన సంగతి చెప్పాలి. ఠాణా ల్యాండ్‌లైన్ నంబర్ కూడా గోడ మీద ఉండాలి. మహారాష్ట్రలో కొన్ని జిల్లాల్లో గ్రామ సురక్షా యంత్రణ నడుస్తోంది. ఒక టోల్‌ఫ్రీ నంబర్‌కు ఫోన్ చేసి మాట్లాడితే ఆ మాట ఊరందరి ఫోన్లకూ ఒకేసారి పోతుంది. మీ ఠాణా పరిధిలో ఉందేమో అడుగు.

దొంగతనం జరిగిపోతే, తెల్లారగానే ఇల్లు ఊడ్చి వాకిలి చల్లొద్దని అమ్మకు ఇప్పుడే చెప్పి పెట్టు. ఆడవాళ్ళ చేతికి ముందు వచ్చేది చీపురే, పాపం, ఆ కంగారులో కూడా. వాకిట్లో అడుగు గుర్తు కనబడితే దాని మీద తట్ట బోర్లించాలి. బీరువా తలుపు, పెట్టె మూత ముట్టుకోవద్దు, వేలిముద్రలవాళ్ళు, కుక్కల బృందం నాందేడ్ నుంచి రావాలి, అంతసేపు ఆగాలి. ఏం పోయిందో లెక్క తర్వాత చూసుకోవచ్చు. ఫోన్ పోయి ఉంటే సిమ్ బ్లాక్ చేయించి, ఐఎంఈఐ నంబర్‌తో సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో ఫోన్‌ను కూడా బ్లాక్ చెయ్యి. ఆ నంబర్ కోసం ఇప్పుడే వాళ్ళ ఫోన్లలో స్టార్ హాష్ సున్నా ఆరు హాష్ కొట్టి రాసుకో. ఖాతాలో డబ్బు పోతే సైబర్ మోసాల నంబర్ 1930కి వెంటనే ఫోన్ చెయ్యాలి, గంటలు గడిచేకొద్దీ ఆశ తగ్గుతుంది.

మరాఠీ రాదని నాన్న భయపడుతున్నాడు కదా, ఆ భయం అక్కర్లేదు. నోటితో చెప్పినా పోలీసులు రాసుకోవాలి, రాసింది చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలి, ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. మన తాలూకాల ఠాణాల్లో తెలుగు అర్థమయ్యే సిబ్బంది సాధారణంగా ఒకరైనా ఉంటారు, లేకపోతే పాటిల్‌ను వెంట తీసుకుపొమ్మను. పోయిన వస్తువులు, బరువులు, చివరిసారి ఎప్పుడు చూశారు అన్నవి తెలుగులో అర్థం చెప్పించుకుని, సరిగ్గా ఉంటేనే సంతకం పెట్టమను. బాసరలోనో నిజామాబాద్ మార్కెట్‌లోనో బండి పోయి ఊరికి వచ్చేసినా, మీ ఠాణాలోనే జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వొచ్చు, పరిధి కాదని తిప్పి పంపకూడదు. ఆన్‌లైన్‌లో నువ్వు హైదరాబాద్ నుంచి కూడా ఫిర్యాదు పంపొచ్చు, అయితే పంపినవాళ్ళు మూడు రోజుల్లోపు ఠాణాకు వెళ్ళి సంతకం చెయ్యాలి. కాబట్టి నాన్న పేరుతోనే పంపు.

ఒకవేళ ఠాణాలో ఫిర్యాదు తీసుకోబోమని అంటే గొడవ పడొద్దు. అదే ఫిర్యాదు నాందేడ్ ఎస్పీ ఆఫీసుకు స్పీడ్ పోస్టులో పంపి, రసీదు నాన్న దగ్గర ఉంచు. దానికీ కదలిక లేకపోతే ఆ రసీదు జత చేసి మేజిస్ట్రేట్ కోర్టులో అర్జీ పెట్టొచ్చు. తాలూకా లీగల్ సర్వీసెస్ కమిటీ కోర్టు ఆవరణలోనే ఉంటుంది. ఆదాయం తక్కువ ఉన్నవాళ్ళకు, ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు అక్కడ వకీలు ఉచితం. అర్జీ అమ్మ పేరు మీద పెడితే ఆదాయం సర్టిఫికెట్ కూడా అడగరు.